చూసుకోవద్దా!

పెట్రోలు అయిపోయి బండి తోసుకెళ్తుంటే ఎదురైన ప్రతివాడూ అనే మాట ఒకటే: "చూసుకోవద్దా!"

1983లో ఎయిర్ కెనడా విమానానికి గాల్లోనే ఇంధనం అయిపోయింది. గేజీ పనిచేయడం లేదు. ఇంధనానికి కిలోల లెక్క అప్పుడే కొత్తగా వచ్చింది. పాత పౌండ్ల లెక్కన నింపడంతో తక్కువ పడింది. ఇంజన్లు ఆగిపోయాయి. కెప్టెన్ పియర్సన్ గ్లైడర్‌లా నడిపి, గిమ్లీ అనే ఊళ్లో పాత రన్‌వే మీద దించాడు. అందరూ బతికారు.

కంపెనీ మాత్రం ఆయన హోదా తగ్గించింది. చూసుకోవద్దా, అన్నట్టు!

సాటి పైలట్లకూ ముందు ఆ మాటే వస్తుంది. పాపం, వాళ్లదీ భయమే. తప్పంతా అతనిదైతే, మనకలా జరగదని ధీమా. కానీ అదే పరిస్థితిని సిమ్యులేటర్‌లో ఇతర పైలట్లకిస్తే, వాళ్ల విమానాలు కూలాయి.

రెండేళ్లకు అంతర్జాతీయ వైమానిక సమాఖ్య పియర్సన్ నైపుణ్యాన్ని గుర్తించి డిప్లొమా ఇచ్చింది.