అమానతును సముద్రం ఎక్కించవచ్చునా?

సొంత తెరచాప పడవలో భార్యాబిడ్డలతో మహాసముద్రాలు దాటే కుటుంబాలు లోకంలో ఉన్నాయి. ఇల్లు అమ్మి, పిల్లల్ని బడి మాన్పించి, నెలల తరబడి నీళ్ళ మీదే కాపురం చేస్తారు. రాత్రి భర్త పడుకుంటే భార్య చుక్కాని దగ్గర మేలుకుంటుంది. ఆమె పడుకుంటే అతను మేలుకుంటాడు. తాగేనీటికి కొలత ఉంటుంది, గిన్నెలు ఉప్పునీటితోనే తోముకోవాలి. పసివాళ్ళు జారిపడకుండా ఒంటికి పట్టీ కట్టి, తాడుతో పడవకు తగిలిస్తారు. పసిఫిక్ మహాసముద్రంలో గాలాపగోస్ దీవుల నుండి మార్క్వెసాస్ దీవుల వరకు దాదాపు 3,000 నాటికల్ మైళ్ళు. గాలి అనుకూలిస్తే మూడు నాలుగు వారాల ప్రయాణం. అన్ని రోజులూ దారిలో వైద్యుడుండడు, పొరుగిల్లుండదు.

ఇది సరదా విషయంలా కనిపిస్తుంది గాని, లోపల ఒక బరువైన ప్రశ్న ఉంది. సంతానం మన ఆస్తి కాదు, మన చేతికి అప్పగించబడిన అమానతు. అలాంటప్పుడు తల్లిదండ్రులు తాము కోరి ఎంచుకున్న ప్రమాదంలోకి బిడ్డల్ని వెంట తీసుకుపోవచ్చునా? పిల్లవాడు ఉత్సాహంగా 'సరే' అంటే ఆ ప్రశ్న తీరిపోతుందా?

డూగల్ రాబర్ట్‌సన్ ఒకప్పుడు వాణిజ్య నౌకల్లో పనిచేసిన వ్యక్తి. తర్వాత ఇంగ్లండులో పాడి వ్యవసాయం చేసుకున్నాడు. ప్రపంచాన్ని చుట్టివచ్చే పడవ పందెం గురించి రేడియోలో విన్నప్పుడు, మనమూ వెళ్దామని అన్నది ఆయన కవల కొడుకుల్లో ఒకడు. ఆ మాట ఇంటిల్లిపాదినీ కదిలించింది. జీవితకాలపు పొదుపుతో 'లూసెట్' అనే 43 అడుగుల పాత కొయ్య పడవ కొన్నారు. 1971 జనవరి 27న ఫాల్మత్ రేవు నుండి బయలుదేరారు. వెంట భార్య లిన్, కూతురు ఆన్, పెద్దకొడుకు డగ్లస్, పదేళ్ళు అటూ ఇటూగా ఉన్న కవలలు నీల్, శాండీ. లోకాన్ని చూపిస్తే పిల్లలకు అదే గొప్ప చదువు అవుతుందని తండ్రి ఆలోచన. ఆ ఆలోచనలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

1972 జూన్ 15న, గాలాపగోస్ దీవులకు పడమరగా నడిసముద్రంలో, కిల్లర్ వేల్ అనే జాతి తిమింగలాలు పడవ అడుగును బద్దలు కొట్టాయి. నిమిషాల్లో పడవ మునిగిపోయింది. దారిలో చేర్చుకున్న ఒక యువకుడితో కలిపి ఆరుగురు గాలి నింపిన తెప్పలోకి, ఒక చిన్న పడవలోకి చేరారు. రెండు వారాలు దాటాక తెప్ప కూడా పాడైంది. ఇక మూడు మీటర్ల పడవలో ఆరు ప్రాణాలు! వాన కురిస్తే నీళ్ళు, చిక్కితే తాబేలు. నర్సుగా పనిచేసిన లిన్, మురికిపట్టి తాగడానికి పనికిరాని నీటిని పిల్లల శరీరాలకు ఎనిమా ద్వారా అందించింది. 38వ రోజున ఒక జపాను చేపల ఓడ వాళ్ళను చూసింది. ఆరుగురూ బ్రతికారు.

ఆ రోజుల్లో వాళ్ళు తాబేలు రక్తం కూడా తాగారు. ప్రాణం పోయే స్థితిలో నిషిద్ధమైనదీ అవసరం మేరకు అనుమతించబడుతుందని మన పాఠకులకు తెలిసిందే. పిల్లల విషయంలో అక్కడ చర్చే లేదు. వాళ్ళను ఆ స్థితికి చేర్చిన నిర్ణయం మాత్రం వేరే లెక్క. ఆ లెక్క తండ్రిదే.

ఈ లెక్క చూడటానికి ఫిఖహ్ గ్రంథాల్లో ఒక మంచి కొలబద్ద ఉంది. తెలివి వచ్చి, ఇంకా యుక్తవయసుకు రాని పిల్లవాడి వ్యవహారాలను హనఫీ ఉలమా మూడు రకాలుగా చూశారు. కేవలం లాభమే ఉన్నదాన్ని (తనకిచ్చిన కానుకను తీసుకోవడం వంటిది) పిల్లవాడు తానే చేయవచ్చు. కేవలం నష్టమే ఉన్నది, అంటే తన సొత్తును దానమివ్వడం వంటిది, సంరక్షకుడు ఒప్పుకున్నా చెల్లదు. లాభనష్టాల మధ్య ఊగేది సంరక్షకుని అనుమతితోనే చెల్లుతుంది. సముద్రయానం ఈ మూడో రకం. కాబట్టి పిల్లవాడి 'సరే' ఒక్కటే చాలదు, పెద్దవాడి వివేకం దాన్ని తూచాలి.

చిక్కంతా ఇక్కడే. తూచవలసిన పెద్దవాడికే ఆ ప్రయాణం మీద మనసుంటే? యతీము సొత్తును వసీ తానే కొనుక్కోదలిస్తే, యతీముకు స్పష్టమైన లాభం ఉంటేనే ఇమామ్ అబూ హనీఫా (రహ్మతుల్లాహి అలైహి) ఒప్పుకున్నారు. తన కోరిక కలిసిన చోట మనిషి త్రాసు మొగ్గుతుంది. నాలుగు రూపాయల సొత్తుకే ఇంత జాగ్రత్త ఉంటే, ప్రాణం మాటేమిటి?

మా దృష్టిలో రాబర్ట్‌సన్ కుటుంబ వృత్తాంతంలో అందరూ దాటిపోయే ఘట్టం తిమింగలాలకు ముందుది. బహామాస్‌లోని నసావు రేవులో కూతురు ఆన్ ఇక రానని దిగిపోయింది. ఆమెకు వయసుంది, దిగే దారి ఉంది. కవలలకు ఆ దారి లేదు. హజ్రత్ నూహ్ (అలైహిస్సలాం) తన కుమారుణ్ణి ఓడలోకి పిలిచారు, వేడుకున్నారు. అతను రాలేదు. అది ప్రాణరక్షణ కోసం నడిచిన ఓడ. వినోదయాత్రకు తీసుకెళ్ళే తండ్రి, దిగిపోతానన్న బిడ్డను దింపడానికి మరెంత సిద్ధంగా ఉండాలి!

ఊళ్ళో బిడ్డకు తండ్రి ఒక్కడే దిక్కు కాదు. మేనమామ ఉన్నాడు, పక్కింటి ఖాలా ఉంది, మాస్టారున్నారు, ఆసుపత్రి ఉంది. తండ్రి పొరబడితే వాళ్ళలో ఎవరో ఒకరు అడ్డుపడతారు. రేవు దాటిన పడవలో ఆ చేతులన్నీ తెగిపోతాయి. సముద్రం ప్రమాదకరమన్నంత మాత్రాన మేము అభ్యంతరం చెప్పడం లేదు. ముగ్గురు పిల్లల్ని స్కూటరు మీద కూర్చోబెట్టుకుని జాతీయ రహదారి ఎక్కే మనకు ఆ మాట అనే అర్హత ఎంత? పైగా, దుబాయిలోనో జిద్దాలోనో ఉండి రెండేళ్ళకోసారి బిడ్డ ముఖం చూసే తండ్రులు మన ఇళ్ళల్లో ఎందరో. పగలూ రాత్రీ పిల్లల పక్కనే ఉండే ఆ పడవ తండ్రిని చూసి వారికి అసూయ కలిగినా ఆశ్చర్యం లేదు.

2014లో 'రెబల్ హార్ట్' అనే పడవలో ఒక అమెరికన్ దంపతులు మూడేళ్ళ పాపతో, ఏడాది పాపతో మెక్సికో నుండి పసిఫిక్ దాటబోయారు. తీరానికి దాదాపు 900 మైళ్ళ దూరంలో చిన్నపాపకు జ్వరం, దద్దుర్లు వచ్చాయి, మందులకు లొంగలేదు. ఉపగ్రహ ఫోనుతో సహాయం కోరారు. రక్షక సైనికులు పారాషూట్లతో సముద్రంలోకి దూకి పడవను చేరారు. ఆ తర్వాత నౌకాదళం ఓడ వచ్చింది. అంత చిన్న పిల్లల్ని ఎందుకు తీసుకెళ్ళారని లోకమంతా ఆ తల్లిదండ్రుల్ని నిందించింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ పడవే వాళ్ళ ఇల్లు. నీరు చేరుతున్న ఆ ఇంటిని నడిసంద్రంలో వదిలేసి, పాపను ఎత్తుకుని ఓడ ఎక్కారు.