కాలవ కట్ట మీద నడక తప్పా?



2021 మే 12 నుంచి మళ్లీ లాక్‌డౌన్ పెట్టారు. పొద్దున 6 నుంచి 10 దాకా సడలింపు ఉండేది, ఆ తర్వాత ఎక్కడివాళ్లు అక్కడే. కూరగాయలు, మందులు, బ్యాంకు పని అన్నీ ఆ నాలుగు గంటల్లోనే కావాల్సి వచ్చేది గనుక కూసుమంచి సెంటర్లో 7 గంటలకు జాతరలా ఉండేది. మాస్కు చాలామందికి గడ్డం కిందే ఉండేది. అదే మనిషి సాయంత్రం 5కి కాలవ కట్ట మీద ఒక్కడే, పిట్టలు తప్ప ఎవరూ లేనిచోట నడిస్తే మాత్రం తప్పయ్యేది. ఇదేం న్యాయమని మీకూ అనిపించే ఉంటుంది. గుంపులో తిరగడం ఒప్పు, ఒంటరిగా తిరగడం తప్పు!

నాకు ఈ ప్రశ్న అంతకు ముందు ఏడే వచ్చింది. నాకు షుగరు. రోజూ నడవమని డాక్టరు చెప్పాడు. 2020 ఏప్రిల్లో ఒక రోజు కట్ట మీద నడుస్తుంటే ఒక కానిస్టేబుల్ బండి ఆపాడు. "చదువుకున్నోళ్లు, మీరే ఇట్ల తిరిగితే ఎట్ల సార్" అన్నాడు. ఇక్కడ ఎవరికి అంటిస్తాను, చేపలకా అని అడిగాను. అతను నవ్వలేదు. "మిమ్మల్ని పోనిస్తే మీ ఎనక ఇంకో నలుగురొస్తరు. వాళ్లనేమని ఆపాలె?" అన్నాడు. కోపంగా ఇంటికొచ్చాను గానీ ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ పూర్తిగా లేదు.

మన ధమ్మంలో దీనికి దగ్గరి సంగతి ఒకటుంది. వర్షావాసం ఎందుకు వచ్చిందో మీలో చాలామందికి తెలుసు. భిక్ఖులు వానాకాలం కూడా ఊరూరా తిరుగుతున్నారు, పచ్చగడ్డిని, చిన్న చిన్న ప్రాణులను తొక్కేస్తున్నారు, పక్షులైనా ఈ కాలంలో గూట్లో ఉంటాయే అని జనం గొణుక్కున్నారు. బుద్ధుడు ఆ మాట విని, వానాకాలం మూడు నెలలు ఒకచోటే ఉండమన్నాడు. గమనించండి, ఏ ఒక్క భిక్ఖువూ కావాలని పురుగును చంపలేదు. ఎవరికి వారు "నా ఒక్కడి పాదం కింద ఏం చస్తుంది" అనుకునే ఉంటారు. పాదాలన్నీ కలిస్తే ఏమవుతుందన్నది నియమం చూసుకోవాలి. కానిస్టేబుల్ చెప్పిందీ అదే, కాకపోతే వినయపిటకం చదవకుండా చెప్పాడు.

అయితే కథ అక్కడితో ఆగదు. ఆ నియమానికే బుద్ధుడు తలుపులు కూడా పెట్టాడు. జబ్బుపడినవాళ్లను చూడాలంటే, తల్లికో తండ్రికో బాగాలేదంటే ఏడు రోజుల్లో తిరిగొచ్చేలా వెళ్లొచ్చు. వరదొచ్చినా, ఊరు కాలిపోయినా, తినడానికి సరిపడా తిండి దొరకకపోయినా ఆ చోటు వదిలి పోవచ్చు, దోషం లేదు. తిండి దొరకకపోతే పోవచ్చు! రెండున్నర వేల ఏళ్ల కిందటి నియమానికి ఈ ఇంగితం ఉంది. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు చెప్పి 12 గంటల నుంచి దేశమంతా మూసినప్పుడు ఆ తలుపు ఎవరూ పెట్టలేదు. మన భద్రాచలం, ములుగు వైపు మిరప కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన ఆదివాసీలు పనీ తిండీ ఆగిపోయి అడవి దారుల్లో నడిచి పోయారు. వాళ్లలో 12 ఏళ్ల ఆడపిల్ల మూడు రోజులు నడిచి, సొంతూరు ఇంకాస్త దూరం ఉందనగా చనిపోయింది. అదే నెలలో నా నడక ఆగిపోయిందని నేను బాధపడుతున్నాను. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకున్నాక కట్ట గురించి ఎక్కువ మాట్లాడాలనిపించలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. అప్పట్లో ఎక్కడ చూసినా "సామాజిక దూరం పాటించండి" అని రాశారు. మన వాడల్లో పెద్దవాళ్లు ఆ మాట విని నవ్వారు. పాటించింది ఎవరు, భరించింది ఎవరు! భౌతిక దూరం అంటే సరిపోయేది. రోగం అంటకుండా రెండు గజాలు జరగడం వేరు, మనిషిని మనిషి కాదన్నట్టు జరగడం వేరు. జరిగే కాళ్లకు తేడా తెలియకపోవచ్చు, జరిపించే మనసుకు తెలుస్తుంది.

బాబాసాహెబ్ 1936లో 'కులనిర్మూలన'లో నియమం వేరు, సూత్రం వేరు అని విడదీసి చెప్పారు. నియమం ఇది చెయ్యి, అది చెయ్యకు అంటుంది. సూత్రం ఎలా ఆలోచించాలో చెబుతుంది. ఆలోచించి చేసిన పనికే మనం బాధ్యులమవుతాం. లాక్‌డౌన్‌లో ఇది నాకు బాగా పనికొచ్చింది. పోలీసు ఉన్నప్పుడు మాస్కు ముక్కు మీదికి, పోలీసు పోగానే గడ్డం కిందికి. ఇది నియమం. లక్షణాలు లేకుండానే రోగం మోసుకు తిరగొచ్చని తెలిశాక "నాకేమీ లేదు" అనే ధీమా నాకు నేనుగా మానుకోవడం సూత్రం. పాళీలో హిరి, ఒత్తప్ప అంటారు, తప్పు చేయడానికి సిగ్గు, దాని ఫలితానికి భయం. ఆ భయం లాఠీకి కాదు.

నడక సంగతికొస్తే, నడవొద్దని ధమ్మం ఎక్కడా చెప్పదు. చంకమ గురించి బుద్ధుడు ఐదు లాభాలు చెప్పాడు: దూరప్రయాణానికి తట్టుకుంటాం, కష్టానికి ఓర్చుకుంటాం, జబ్బులు తగ్గుతాయి, తిన్నది అరుగుతుంది, ఏకాగ్రత చాలాసేపు నిలుస్తుంది. డాక్టర్లు చెప్పేదీ ఇంచుమించు ఇదే. కానీ చంకమ దారి ఊరు దాటి పోదు. కొన్ని అడుగుల బాట, అటు చివరిదాకా పోయి ఇటు తిరగడమే. మా డాబా మీద 22 అడుగులు వస్తాయి. మొదట విసుగొచ్చింది, తర్వాత అలవాటైంది. డాబా లేనివాళ్ల సంగతి? ఒక్క గదిలో ఆరుగురుండే ఇంట్లో రోగం కట్ట మీదకంటే తేలిగ్గా అంటుతుంది. వాళ్లను గదిలో పెట్టి కట్టను ఖాళీగా ఉంచడం సూత్రం ప్రకారం సరైందని నేను అనలేను. పంచాయతీ వాళ్లతో మాట్లాడి పూటకు కొందరిగా, దూరదూరంగా నడవనివ్వాలని అడగాల్సింది. దొంగచాటుగా నడవడంకంటే ఇలా అడగడమే మన పని.

ఇక నా తప్పు. ఆ లాక్‌డౌన్‌లోనే మా వీధిలో ఒక ఇంట్లో అందరికీ పాజిటివ్ వచ్చింది. నేను నియమాలన్నీ పాటించాను. బయటికి పోలేదు, ఆ గేటు వైపు చూడలేదు. విరేచనాలతో పడి ఉన్న భిక్ఖును బుద్ధుడు, ఆనందుడు కలిసి కడిగి మంచం మీద పడుకోబెట్టిన సంగతి ఎన్ని సభల్లో చెప్పానో! ఆ విహారంలో మిగతా భిక్ఖులు కూడా ఎవరి పని వాళ్లు చూసుకుంటూ సవ్యంగానే ఉన్నారు. మూడో రోజు పొద్దున మా ఆవిడ, "వాళ్లకు నీళ్ల క్యాన్ ఎవరు తెస్తున్నరు?" అని అడిగింది. ఎవరూ తేవట్లేదు. బోరు నీళ్లే కాచుకు తాగుతున్నారు.

రెండు మాస్కులు పెట్టుకుని క్యాన్, కూరగాయలు గేటు దగ్గర పెట్టి, దూరం జరిగి పిలిచాను. ఆ తర్వాత రోజూ పెట్టాను. వాళ్లు కోలుకున్నారు. డాబా మీద నడుస్తుంటే కింద నుంచి పలకరిస్తున్నారు. ఆ మొదటి రెండు రోజుల సంగతి ఇంతవరకు వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు.