అవ్వ అబద్ధమాడిందా?



కలమల్లలో జబ్బుపడిన ఒక అవ్వకు దివ్యసత్ప్రసాదం ఇవ్వడానికి వెళ్లాను. కోడలు వాకిట్లోనే అందుకున్నది. "సామీ, మా అత్తకు 20 ఏండ్లుగా షుగరు. రాత్రిపూట బెల్లం డబ్బా తీసి తింటుంది. అడిగితే తినలేదని అబద్ధమాడుతుంది. పాపం గాదా?" లోపలినుంచి అవ్వ, "నాకు షుగరా? ఎవరు చెప్పినారు?" అన్నది.

చక్కెర వ్యాధి కండ్లనూ మూత్రపిండాలనూ చెరుపుతుందని మనకు తెలుసు. మెదడునూ వదలదు. చక్కెర ఏండ్ల తరబడి హెచ్చుగా ఉంటే మెదడులోని సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. షుగరున్న వారందరికీ మతి పోదు, కాని ఆ ప్రమాదం పెరుగుతుంది. మతిమరుపు జబ్బుకు దారితీసే, మనం అదుపు చేయదగిన 14 కారణాలలో మధుమేహం ఒకటని లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల సంఘం 2024లో పేర్కొన్నది. మతి తప్పినవారు వేసుకున్న మాత్రే మళ్లీ వేసుకుంటారు, అన్నం మరచిపోతారు. అప్పుడు చక్కెర పడిపోయి చెమటలు, తికమక మాటలు. మనం ముసలితనమని వదిలేస్తాం! మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏండ్లుగా వాడేవారికి బి12 విటమిన్ తగ్గి మతి మందగించవచ్చు. అది రక్తపరీక్షలో తెలుస్తుంది, వైద్యమూ ఉన్నది. ఆ పరీక్ష చేయించారా అని కోడలిని అడిగాను. లేదన్నది.

జ్ఞాపకం ఎంతవరకో మనిషి అంతవరకే అన్నట్లు జాన్ లాక్ వాదించాడు. సెమినరీలో ఆ పాఠానికి నాకు మంచి మార్కులే వచ్చాయి. అవ్వ మంచం పక్కన ఆ వాదన నిలవలేదు. అదే ఊరి చెన్నకేశవాలయ ప్రాంగణంలోని శాసనం క్రీ.శ. 575 నాటిది, తెలుగులో తొలి శాసనమని పేరు. దానిలో మొదటి వరుస చెరిగిపోయింది. ఉన్న అక్షరాలనుబట్టే పండితులు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని పేరు కూడబలుక్కొని చదివారు. చెరిగినందుకు రాతిని ఎవరూ తిట్టలేదు.

పూర్తి తెలివి, పూర్తి సమ్మతి లేనిదే చావైన పాపం కాదని మన సత్యోపదేశం. అవ్వకు ఆ రెండూ లేవు. తినలేదన్నది ఆమెకు తెలిసినంతలో నిజమే. ఆమె మరచినదాన్ని గుర్తుంచుకొనే బాధ్యత ఇప్పుడు ఇంట్లో మతి ఉన్నవారిది. అట్లని కోడలొక్కతే మోయాలా? కువైటునుంచి కొడుకు "అమ్మకు తీపి పెట్టొద్దు" అని ఫోను చేయడం సులువు. పైగా ఇటువంటి వృద్ధులకు చక్కెర మరీ బిగించవద్దని, పడిపోతేనే ఎక్కువ ముప్పని వైద్యులే అంటున్నారు.

"మాత్రలు నీ దగ్గర పెట్టుకొని నీ చేత్తో ఇవ్వమ్మా. బెల్లం ఎంత పెట్టవచ్చో డాక్టరును అడుగు" అన్నాను.

"మరి తినలేదంటే ఏం చేయాలి సామీ?"

"తిన్నావా అని అడగొద్దు."