కొలత ఎవరిది? కుట్టు ఎవరిది?

అనంతపురము సీమలో వేరుసెనగ పండని యేడు కుట్టుమిషను చప్పుడు ఎక్కువగా వినబడును. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదియు అదనుకు పడని ఈ పీఠభూమిలో సేద్యమునే నమ్ముకొన్న ఇల్లు నిలుచుట కష్టము. ఒకప్పుడు మగ్గములు ఆడిన రాయదుర్గము నేడు జీన్సు ప్యాంట్ల కుట్టుకు పేరుపొందినది. కత్తిరించిన ముక్కలు మూటలుగా వచ్చును. ఒకరు జేబు కుట్టుదురు, మరియొకరు నడుముపట్టీ అతుకుదురు. ముక్కకు ఇంత యని కూలి. బట్టను పరచి, గీత గీసి, కత్తెర పెట్టువాడు కటింగు మాస్టరు. ఆయన కూలి వేరు. ఆయన మాటకు గల విలువయు వేరు.

ఇచ్చట ఒక ధర్మసందేహము పుట్టుచున్నది. చేతితో చేయు పనియంతయు కాయకమేనా? లేక చేయునది ఏమో, ఎవరికొరకో ఎరిగి చేసినదే కాయకమా? పన్నెండవ శతాబ్దపు శరణులలో సూజికాయకద రామితందె సూదినే జీవనాధారముగా గైకొన్నవాడు. ఆ కాలపు కుట్టుపనివాడనగా కొలిచినవాడు, కోసినవాడు, కుట్టినవాడు ఒక్కడేయై యుండును; తొడుగుకొనువాని ముఖము ఎరిగియుండును. నేడు ఆ పని రెండుగా చీలినది. ఆలోచన ఒకచోట, చేయి వేరొకచోట.

అట్లని జేబు కుట్టు తల్లి చేయునది కాయకము కాదనుట దుర్మార్గము. ఆమె చెమట సత్యము, ఆ చెమటతో ఉడికిన అన్నము సత్యము. విద్యలో సగమును మాత్రమే ఆమె చేతికి అందించి, మిగిలిన సగమును దాచుకొన్న సమాజమునే ప్రశ్నింపవలెను.

ఆ దాగిన సగము ఏమి? రవికె నొకదానిని చూడుడు. దేహము గుండ్రనిది, బట్ట బల్లపరుపు. ఈ రెండింటికిని సంధి చేయుటయే కత్తిరింపు విద్య. ఛాతీ చుట్టుకొలతలో నాలుగవ వంతు తీసికొని, ఊపిరి ఆడుటకు కొంత వదులు, కుట్టుకు కొంత బట్ట కలిపి, ముందుగా పాత వార్తాపత్రికపై గీయుదురు. చంక వంపు వెనుక కంటె ముందు లోతుగా కోయవలెను. చేతులు ముందునకే గదా చాచుదుము! టక్కు పట్టినచోట ఎక్కువైన బట్ట మడతలోనికి పోయి, దాని కొనయందు గుండ్రని ఆకారము ఏర్పడును. పడుగు నిలువుగా వచ్చునట్లు కోసిన బట్ట నిలుచును. ఐమూలగా కోసినది సాగును. కాగితము తప్పైన మరియొక కాగితము దొరకును. బట్ట తప్పైన నెల కూలి పోవును.

మన పెద్దలకు ఈ చిక్కు తక్కువ. ధర్మవరపు పట్టుచీర ఎవరి దేహమును కొలువదు. సన్నని పిల్లకును, బొద్దుగానున్న అవ్వకును అదే చీర ఒదుగును. (లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీది చిత్రములలో మగవారి తలలపై నిడుపాటి కుళ్ళాయిలు కనబడును గనుక కుట్టుడు ఈ సీమకు బొత్తిగా కొత్త యనరాదు.) కుట్టి అమ్మెడి వస్త్రము మాత్రము ముందే ఒక దేహమును ఊహించుకొని పుట్టును. ఆ దేహము ఎవరిది? అమెరికా వ్యవసాయశాఖవారు 1939-40లలో సుమారు 15,000 మంది స్త్రీలను కొలిపించి, తయారు దుస్తులకు ఆధారముగా ఆ కొలతలను 1941లో ప్రకటించిరి. శ్వేతేతర స్త్రీల కొలతలను మాత్రము లెక్కలోనుండి తీసివేసిరి. లెక్కకు రాని దేహము గలది దుకాణపు అద్దము ముందు నిలిచి, లోపము తనదే యనుకొనును. కూలిపనితో ఒక భుజము వంగిన స్త్రీ, చంటిబిడ్డకు పాలిచ్చు తల్లి ఏ సైజులోనికి వత్తురు? దేహమును దేవాలయముగా భావించిన బసవేశ్వరుని బాటలో నడచువారికి ఈ ప్రశ్న చిన్నది కారాదు.

సొంత బట్టకు సొంత రూపము కల్పించుకొనుట అలంకార వ్యామోహము కాదా యని మఠములలో పెద్దలు అడుగవచ్చును. ఉన్నవారి ఇండ్లలో కొంత నిజమే. కరువు ఇంటిలో అది పొదుపు: చిరిగిన చీరలో గట్టి భాగము చూచి పిల్లకు లంగా తీయుట, పెరుగు పిల్ల గనుక అంచులో నాలుగు వేళ్ళ మడత వదలుట.

మన సంఘములును, మఠములును పేద స్త్రీలకు కుట్టుమిషన్లు పంచుట కద్దు. మంచిదే. కాని కత్తిరింపు నేర్పక మిషను ఒక్కటి ఇచ్చినచో, ఆమె రేపు మరల మాస్టరు గుమ్మము ముందే నిలువవలెను. పది మిషన్ల సొమ్ముతో ఐదే కొని, మిగిలిన దానితో నేర్పించుట మేలని నా అభిప్రాయము. నేర్చుకొను నాళ్ళలో కూలి పోవునే, ఆ ఇంటిలో పొయ్యి ఎట్లు వెలుగును అని ఎవరైన అడిగిన, అది న్యాయమైన ప్రశ్న. అక్కడనే దాసోహము అక్కరకు రావలెను: శిక్షణ ముగియువరకు ఆ ఇంటికి బియ్యము, జొన్నలు మఠము నుండి పోవలెను. తక్కిన సామానుకు పెద్ద ఖర్చు లేదు. పాత పత్రికలు, టేపు, సుద్దముక్క చాలును. కత్తెరలు మాత్రము రెండు కొనవలెను; కాగితము కోసిన కత్తెర బట్టకు మొద్దుబారును.