తక్కువ తినడం, బాగా తినడం

మొన్న ఇషా నమాజు తరువాత ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చి కూర్చున్నారు. ఆయనకు షుగర్ ఉంది. బరువు తగ్గాలనీ, రోజుకు 1500 క్యాలరీలు మించి తినకూడదనీ డాక్టరు గట్టిగా చెప్పారట. "మౌల్వీసాబ్! మా చెల్లెలి కొడుకు వలీమాలో బిర్యానీ వద్దన్నాను. 'అల్లాహ్ ఇచ్చిన నిఅమత్‌ను కాదంటారా మామూ?' అని వాడు నొచ్చుకున్నాడు. వాడి మనసు కష్టపెట్టలేక తిన్నాను, డబుల్ కా మీఠా కూడా తిన్నాను. రాత్రంతా అవస్థపడ్డాను. వద్దనడం తప్పా? తినడం తప్పా?" అని అడిగారు.

ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు. నేడు మన ఇళ్ళలో షుగర్, బీపీ లేని ఇల్లు అరుదు. కనుక దీన్ని ధర్మం వెలుగులో పరిశీలిద్దాం.

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ ఆరాఫ్ సూరా 31వ ఆయతులో, తినమనీ త్రాగమనీ చెబుతూనే, హద్దు మీరవద్దని అల్లాహ్ హెచ్చరించాడు. ఆ వెంటనే 32వ ఆయతులో, ఆయన తన దాసుల కోసం సృష్టించిన పరిశుద్ధ ఆహారాన్ని నిషేధించేవారెవరని ప్రశ్నించాడు. ఈ రెండు ఆయతులు పక్కపక్కనే ఉండటం గమనార్హం. అతిగా తినేవాడికి మొదటిది కళ్ళెం. హలాల్‌ను తనపై హరామ్ చేసుకునేవాడికి రెండవది కళ్ళెం. విశ్వాసి మార్గం ఈ రెండింటి మధ్య ఉంది.

అయితే వద్దనడం నిఅమత్‌ను తిరస్కరించడమా? కాదు. దైవప్రవక్త (సఅసం) ముందు ఒకసారి కాల్చిన ఉడుము మాంసం పెట్టారు. ఆయన తినలేదు. కానీ అది హరామ్ అనలేదు, ఆయన ఎదుటే హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) దాన్ని తిన్నారు. భోజనాన్ని వంక పెట్టడం ఆయన అలవాటే కాదు. ఇష్టమైతే తినేవారు, లేకుంటే వదిలేసేవారు. ఇక ఆహ్వానం సంగతి. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ముస్లిం హదీసు ప్రకారం, భోజనానికి పిలిస్తే వెళ్ళాలి. తినడం, మానడం మాత్రం అతిథి ఇష్టం. అంటే బంధువు హక్కు మన రాకపై ఉంది, మన కడుపుపై లేదు. వెళ్ళండి, దువా చేయండి, నవ్వుతూ రెండు ముద్దలు తిని చాలించండి. అతిథి వద్దన్నా వడ్డించేవారూ ఆలోచించాలి. జబ్బుమనిషిని బలవంతపెట్టడం ఆతిథ్యం కాదు.

"మరి ఆకలితో మాడటమేనా?" అంటారు కొందరు. హజ్రత్ సల్మాన్ (రజి) తన మిత్రుడు హజ్రత్ అబూదర్దా (రజి)కు మనిషిపై అతని ప్రాణానికి కూడా హక్కు ఉందని చెబితే, దైవప్రవక్త (సఅసం) దాన్ని ధ్రువపరిచారు. కనుక మాడటం కూడా తప్పే. ముఖ్యంగా ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవారు సొంతంగా భోజనం మానేస్తే షుగర్ పడిపోయి ప్రాణానికే ముప్పు రావచ్చు. డాక్టరును అడగకుండా ఆ పని చేయకూడదు.

ఖుర్ఆన్ హలాల్‌తో పాటు తయ్యిబ్ కూడా చూడమంటుంది. గ్రాము కొవ్వులో సుమారు 9 క్యాలరీలుంటే, గ్రాము పిండిపదార్థంలోనూ మాంసకృత్తులలోనూ సుమారు 4 ఉంటాయి. ఒక చిన్న చెంచా నూనెలోనే 40కి పైగా క్యాలరీలున్నాయి. కనుక అవే 1500 క్యాలరీలను నూనెలో వేగిన నాలుగు వంటకాలతో ముగించుకోవచ్చు. లేదా జొన్నరొట్టె, పప్పు, తోటకూర, గుడ్డు, దోసకాయ ముక్కలతో రోజంతా తృప్తిగా తినవచ్చు. బిస్మిల్లాహ్‌తో మొదలుపెట్టి నిదానంగా తిని, అల్‌హమ్దులిల్లాహ్‌తో ముగించిన ఆ భోజనం పేదది కాదు. కడుపులో మూడోవంతు భోజనానికి, మూడోవంతు నీటికి, మూడోవంతు శ్వాసకు అన్న ప్రవక్త బోధ తిర్మిజీ గ్రంథంలో ఉంది. మనకు ఆ కొలత ఎన్నడో ఇవ్వబడింది.

చివరిగా ఒక మాట. ఆకలి ఒకటే, నియ్యత్ వేరు. నలుగురూ మెచ్చాలని సన్నబడేవాడికి ఆ మెప్పే దక్కుతుంది. ఈ దేహం అల్లాహ్ అమానతు, దీనితో నమాజు చేయాలి, పిల్లల్ని పోషించాలి అనుకునేవాడికి తగ్గించిన ప్రతి ముద్దకూ పుణ్యం ఆశించే అవకాశం ఉంది. కానీ మనం ఎంచుకున్న ఆకలి వేరు, పొరుగువాడికి తప్పని ఆకలి వేరు. ఇద్దరి భోజనం ముగ్గురికి సరిపోతుందని హదీసు. మన పళ్ళెంలో తగ్గిన ఆ ముద్ద చెత్తకుప్పలోకి పోతోందా, ఆకలిగొన్నవాడి ఇంటికి చేరుతోందా? మన పథ్యం పొట్టనే తగ్గించిందో, మనసును కూడా పెంచిందో అక్కడే తేలుతుంది.

"చాచా! మీరు వద్దనడం తప్పు కాదు. ఈసారి మేనల్లుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని వాడి చేతులు పట్టుకుని దువా చేయండి, వాడు నొచ్చుకోడు" అన్నాను. అల్లాహ్ మనకు హలాల్, తయ్యిబ్ ఆహారాన్ని, దానితో పాటు మితాన్ని, పంచుకునే మనసును ప్రసాదించుగాక! ఆమీన్.