ఓ బకెట్టు నీళ్లు పోసి చూడమ్మా

అమ్మడూ, కాసేపు ఇలా అరుగు మీద కూర్చో. ఆ శాంపిల్ టైళ్ల సంచి మోస్తూ తిరుగుతున్నావు, ముందు కింద పెట్టు. ఖమ్మంలో ఆడపిల్లల హాస్టలుకి ప్లాను గీశావట, సంతోషం. బాగానే గీసుంటావు. కానీ ఎక్కడ ఏం వేయాలో కంప్యూటర్‌లో రంగులు చూసి తేల్చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. అదే నా బెంగ.

హాస్టలంటే ఇల్లు కాదమ్మా. ఇంట్లో గోడ మీద గీత పడితే మనసు చివుక్కుమంటుంది. అక్కడ పిల్లలు మూడేళ్లకో నాలుగేళ్లకో వెళ్లిపోతారు, కొత్తవాళ్లొస్తారు. గోడకి ఒంటికాలు ఆనించి ఫోన్లో మాట్లాడతారు, పెట్టెలు ఈడ్చుకొస్తారు, కిటికీ ఊచలకి తడిబట్టలు ఆరేస్తారు. వాళ్ల తప్పు కాదు, వయసు అది. అందుకే వరండా గోడకి నాలుగడుగుల దాకా కడిగితే పోయే ఎనామిల్ వెయ్యి, పైన డిస్టెంపరు చాలు. పాలలాంటి తెల్లగోడ ప్రారంభోత్సవం ఫొటోకి బాగుంటుంది, దసరా సెలవులనాటికి దాని మొహం చూడలేవు.

ఇక నేల. నీ సంచిలో అద్దంలా మెరిసే విట్రిఫైడ్ టైలుందే, దాని మీద ఓ బకెట్టు నీళ్లు పోసి నడిచి చూడు. మరక పట్టదు, ఒప్పుకుంటా. తడికాలు కూడా పట్టదు మరి! నా ఉద్యోగం రోజుల్లో ఓ హాస్టల్లో స్నానాలగదుల ముందు అలాంటిదే వేయించాను. నేనే ఎంచాను. మొదటి నెల్లోనే ఓ పిల్ల తల తుడుచుకుంటూ వస్తూ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. వాళ్ల నాన్న ఊరినుంచి వచ్చాడు. నన్నేమీ అనలేదు. వంగి ఆ నేలను అరచేత్తో తడిమి చూసి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది.

వరండాలకి తాండూరు బండో బేతంచెర్ల బండో వెయ్యి, పాలిష్ పట్టించకుండా. కాళ్లకి చల్లన. ఒకటి పగిలితే పదేళ్ల తర్వాతైనా దాదాపు అలాంటిదే దొరుకుతుంది, నీ టైలు డిజైను అప్పటికి ఉంటుందో ఉండదో. అలాగని మరుగుదొడ్లలోనూ అదే పరిచేయకు. అది సున్నపురాయి. ఆయమ్మలు దొడ్లు కడిగేది యాసిడ్‌తో. పడినచోటల్లా రాయి నురగలెత్తి గుల్లబారుతుంది. అక్కడ గరుకు సిరామిక్ టైలే మేలు. ఎక్కడ ఏది వేయాలో నీ కన్ను కాదమ్మా, కడిగే చెయ్యి చెప్పాలి.

టైలు కన్నా టైలు కింద ఏముందో చూడు. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక నీళ్లు కట్టి రెండు రోజులుంచు. కిందగది స్లాబు తడవలేదని నీ కళ్లతో చూశాకే టైలు పరచనివ్వు. మేస్త్రీ పండక్కి ఊరెళ్లాలంటాడు, కాంట్రాక్టరు బిల్లంటాడు. నీకూ తొందరే. నీ మనసు మెత్తన, అదీ నా భయం. ఆ రెండు రోజులు మాత్రం మెత్తబడకు.

పడమటి వైపు నిలువెత్తు అద్దాలు పెట్టావట! మే నెలలో ఆ ఊరి ఎండ నీకు తెలియనిదా? ఏసీ లేని గదిలో పరీక్షలకి చదవాల్సింది ఆ పిల్లలు. అద్దాలు తీసేసి, ఆ డబ్బుతో మిద్దె మీద తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దానికోసం ఒక విధానమే తెచ్చింది. మా అమ్మ ఏటా వేసవికి ముందు మిద్దెకి సున్నం కొట్టించేది, పేరే కొత్త.

రేపు పొద్దున ఆ ఊళ్లో పాత హాస్టలు ఏదైనా ఒకటి చూసిరా. ఏడింటికల్లా వెళ్లు, ఆయమ్మ నేల కడిగేది అప్పుడే. తొమ్మిదైతే ఆరిపోతుంది. సంచి కూడా పట్టుకెళ్లు, టైళ్లన్నీ ఆమె ముందు పరిచి ఒక్కోదాని మీద ఓ బకెట్టు నీళ్లు పోయించు. చెప్పులు విప్పి నిలబడు.