పరాయి దేశపు కథ, మన యింటి తీర్పు

ధ్యానభాగములు: 2 సమూయేలు 12:1–13, మత్తయి 7:12



అన్యాయము చేసినవానిని నేరుగా గద్దించినయెడల చెవులు మూసికొనును. కథగా చెప్పినయెడల వినును. నాతాను ప్రవక్త దావీదునొద్దకు పోయి రాజు పాపమును పేరెత్తి చెప్పలేదు. గొఱ్ఱెల మందలుగల ధనవంతుడొకడు బీదవానికున్న ఒక్క గొఱ్ఱెపిల్లను పట్టుకొనిన సంగతి చెప్పెను. దావీదు మండిపడి తీర్పు తీర్చెను. తాను తీర్పు తీర్చినది తనకేయని పిమ్మట తెలిసికొనెను.

విక్టోరియా రాణి కాలమునాటి ధారావాహిక కథలు కొన్ని ఇట్లే పనిచేసెను. ఇంగ్లాండులో చార్లెస్ డికెన్సు వ్రాసిన 'బ్లీక్ హౌస్' 1852 మార్చి మొదలు 1853 సెప్టెంబరు వరకు నెలనెల సంచికలుగా వెలువడెను. హాబ్లట్ బ్రౌన్ అను చిత్రకారుడు దానికి బొమ్మలు గీసెను. అందులో జెల్లిబీ దొరసాని దూరపు ఆఫ్రికా ప్రజల మేలుకొరకు ఎడతెగక ఉత్తరములు నడుపుచుండును. సొంత బిడ్డ మెట్లమీదనుండి దొర్లిపడినను ఆమె చలింపదు. దూరపు కష్టము కనబడి, గడపలోని కష్టము కనబడని కన్ను అది.

మన తెలుగులో కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1890ల తొలినాళ్లలో 'సత్యరాజా పూర్వదేశ యాత్రలు' వ్రాసి 'చింతామణి' పత్రికలో ప్రకటించిరి. స్విఫ్టు వ్రాసిన గలివరు యాత్రలు దానికి ఒరవడి. సత్యరాజాచార్యులు చేరిన ఒక దేశములో అధికారమంతయు స్త్రీలది. మన దేశములో స్త్రీలకు విధించిన కట్టుబాట్లు అక్కడ పురుషులకు వచ్చినవి. పాతివ్రత్యమునకు బదులు పత్నీవ్రత్యము! చదువు మగవాడు మొదట నవ్వును. పిమ్మట, పురుషులకింత అన్యాయమా యనును. అప్పుడు తన యింటిలోని ఆడుదాని ముఖము అతనికి గుర్తురావలెను.

గుర్తురానిచో? అదియే మన ప్రశ్న. నవ్వు పశ్చాత్తాపము కాదు. పరుల తప్పునకు నవ్వి పుస్తకము మూసినవాడు, నాతాను కథ సగము విని లేచిపోయినవానివంటివాడు.

ఈ కొలతను మన సంగారెడ్డి, పటాన్‌చెరు గ్రామములకు పెట్టి చూతము. కర్మాగారముల మురికి నక్కవాగును చెరచినది. ఆ అన్యాయముపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యము పడినది. యజమానుల ధనాశమీద మనకు కోపము వచ్చును. అది న్యాయమైన కోపమే. 2025 జూన్ 30న పాశమైలారములోని ఒక కర్మాగారములో ప్రేలుడు సంభవించి నలుబదిమందికి పైగా మరణించిరి. వారిలో అనేకులు పొట్టకూటికై పరరాష్ట్రములనుండి వచ్చిన కూలీలు. అప్పుడు మనము కన్నీరు కార్చితిమి.

ఇక ఒక దేశమును ఊహింతము. అక్కడ ఒరియా, బీహారీ కూలీలే ఇండ్ల యజమానులు. మనము వారి రేకుల గదిలో ఆరుగురము పండుకొనవలెను. బిందెడు నీళ్లకు వారి కుళాయియొద్ద కాచుకొనవలెను. కరెంటుకు వారు చెప్పినదే లెక్క. మన మాట విని వారి పిల్లలు నవ్వుదురు. ఆదివారము వారి మందిరమునకు పోయినచో ఎవరును పలుకరింపరు. ఆ యజమానులకు మనమేమి తీర్పు తీర్చుదుము?

ఇప్పుడు కథను తిరిగి మన యింటికి తెత్తము. అద్దెగదులు కట్టుకొన్నవారు మన సంఘములలోను ఉన్నారు. ఊరిబావిని ముట్టనీయక మన తాతలను దూరముగా నిలువబెట్టిన దినములను మన పెద్దలు మరువలేదు. ఆ దూరమును నేడు మన కుళాయియొద్ద మరియొకనికి కొలిచి ఇచ్చుట తగునా? ఎదుటివాని స్థానములో నిలిచి చూడుమని మన ప్రభువు బోధించెను. అద్దె న్యాయముగా తీసికొనుట, నీళ్లు నిరాకరింపకుండుట, జ్వరము వచ్చినవానిని ఆసుపత్రికి చేర్చుట, ఆరాధనలో ప్రక్కన చోటిచ్చుట మన చేతిలోని పనులే.

దావీదు నాతానును వెళ్లగొట్టలేదు. తన పాపమును ఒప్పుకొనెను. కథ పని అక్కడ నెరవేరెను. ప్రభువు మనకును అట్టి మెత్తని హృదయము దయచేయును గాక. ఆమేన్.